మచ్చ లేని కెమెరాకి బీమా

మ్యూజియం నుంచి వచ్చిన ఉత్తరంలో మూడు పేజీల మర్యాద, ఒక పేరా అసలు సంగతి ఉన్నాయి. వాళ్ల దగ్గర పదకొండు వందల పాత కుండలు, గిన్నెలు, మట్టిబొమ్మలు, తుప్పు పట్టిన కత్తులు ఉన్నాయట. అన్నిటికీ ఫోటోలు తీయాలి. ఏడాది పని. అది మా స్టూడియోకే ఇద్దామనుకుంటున్నారు. కాకపోతే సోమవారం పొద్దున పదింటిలోపు వాళ్ల చేతికి రెండు అందాలి. మేం అక్కడికి తెచ్చే సామాను మొత్తానికి బీమా ఉన్నట్టు కాగితం ఒకటి. మా కెమెరాతో తీసి, ఆ తర్వాత కంప్యూటర్లో ఎవరూ చెయ్యి పెట్టని ఫోటో ఒకటి. రెండిట్లో ఏది లేకపోయినా పని ఇంకొకరికి పోతుంది.

ఉత్తరం వచ్చింది బుధవారం సాయంత్రం.

ఈ పని రాకపోతే నేనేం చేయాలో మా అన్నయ్య ముందే తేల్చేశాడు. ఆయనకి జిరాక్స్ షాపు ఉంది. "స్టూడియో మూసెయ్యవే. నా కౌంటర్లో ఓ మూల కూర్చుని పాస్‌పోర్టు ఫోటోలు తీసుకో. కరెంటు కూడా నాదే" అని రెండేళ్లుగా పిలుస్తున్నాడు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. మంచివాడు. నాకోసం కుర్చీ కూడా కొని ఉంచాడు. చక్రాల కుర్చీ, మెత్తటి దిండుతో సహా. ఆ కుర్చీ గుర్తొస్తే నాకు అన్నం సయించదు.

కుండలంటే నాకు ప్రత్యేకంగా ప్రేమేమీ లేదు. కానీ ఇరవై రెండేళ్లుగా మనుషుల్ని తీస్తున్నాను. ఫోటో చేతిలో పెట్టగానే ప్రతి మనిషిదీ ఒకటే మాట: "నా ముక్కు ఇలా ఉండదండీ." ఉంటుంది. రోజూ దాంతోనే తిరుగుతున్నారు. కుండ ఆ మాట అనదు. మూతి విరిగిన కుండ మూతి విరిగినట్టే కూర్చుంటుంది, ఎవరితోనూ పేచీ పెట్టుకోదు. ఒక్క ఏడాదైనా అలాంటి వాటి ముందు నిలబడాలని నా ప్రాణం కొట్టుకుపోయింది.

ఇక మా ఆయన. నేను తీస్తాను, ఆయన దిద్దుతాడు. మా స్టూడియో నడిచేది అలాగే. కార్డు తీసి కంప్యూటర్లో పెట్టేదీ ఆయనే, మచ్చలు తీసేదీ ఆయనే, ముద్రించి ఆల్బమ్ కట్టేదీ ఆయనే. వీధిలో అందరూ ఆయన్ని మచ్చల డాక్టరు అంటారు. మొటిమలు, ముడతలు, బట్టతల, పక్కింటివాళ్ల చెత్తబుట్ట, ఏదైనా ఆయన చేతిలో పడితే మాయం. ఒకసారి ఒక పెళ్లికూతురి మేనత్త మా కంప్యూటర్లో తన అసలు గడ్డాన్ని చూసుకుని గంటన్నర గొడవ చేసింది. ఆ రోజు నుంచి దిద్దడం అవగానే అసలు ఫోటోని చెరిపేయడం ఆయనకి అలవాటైంది. మా దగ్గర లక్షల ఫోటోలున్నాయి, ఉన్నది ఉన్నట్టుగా ఒక్కటీ లేదు.

ఉత్తరంలో 'ఎవరూ చెయ్యి పెట్టని' అన్న మాట దగ్గర మా ఆయన ముఖం మాడిపోయింది. తన పని పోతుందని బాధపడుతున్నాడనుకున్నాను.

"ఆ ఫోటో పెద్ద లెన్స్‌తో వద్దులే. చిన్నదాంతో తీద్దాం" అన్నాడు.

"నీకేమైనా పిచ్చా? మ్యూజియం వాళ్లకి చూపించేది మన దగ్గరున్న మంచి లెన్స్‌తో కాక ఇంకేంటితో తీస్తాం?"

ఆయన వెళ్లి కీబోర్డు తుడవడం మొదలుపెట్టాడు. అది మామూలు విషయమే కాబట్టి నేనూ పట్టించుకోలేదు.

గురువారం పొద్దునే మా మరిది దిగాడు. బీమా ఏజెంటు. ఏ సంగతి మొదలుపెట్టినా "ఇక్కడో సంతకం పెట్టు వదినా" దగ్గర ఆపుతాడు కాబట్టి ఇంట్లో అతని పేరు సంతకం. అతని పెళ్లిలో ఫోటోలు తీసినందుకు డబ్బులివ్వకుండా నాకు ఆరోగ్య బీమా అంటగట్టిన ఘనుడు.

"ఇంటి పాలసీ ఉందిగా. కెమెరాలు కూడా అందులోకే వస్తాయన్నావు" అన్నాను.

"సరదాకి తీసుకునే కెమెరా అయితే వస్తుంది వదినా. దాంతో సంపాదిస్తే రాదు."

"పోయిన ఏడాది దాంతో సంపాదించిందేమీ లేదు. ఆ లెక్కన సరదాకే కదా?"

"కాగితాల్లో వృత్తి అని రాశావు."

"రాయించింది నువ్వే."

"అది వేరే పాలసీ కోసంలే" అని సంచిలోంచి మూడు కాగితాలు తీసి టేబుల్ మీద పరిచాడు.

మొదటిది చవక. చవక ఎందుకంటే, ఏడాదికింత చొప్పున వస్తువు విలువ తగ్గించుకుంటూ పోతారు. నా కెమెరాకి పద్నాలుగేళ్లు. అది పోతే వాళ్లిచ్చే డబ్బుతో కెమెరా సంచికి జిప్పు వేయించుకోవచ్చు. రెండోదానిలో మంచి విలువే ఇస్తారు, కానీ సామాను స్టూడియోలో ఉన్నంతసేపే. గుమ్మం దాటితే దానికి దిక్కు లేదు. ఫోటోగ్రాఫర్ కెమెరా గుమ్మం దాటకుండా ఎలా బతుకుతుందో ఆ పాలసీ రాసినవాణ్ని పిలిచి అడగాలనిపించింది. మూడోదానిలో సామాను ఎక్కడున్నా సరే, పాతది పోతే కొత్తది కొనిస్తారు. ఖరీదు కూడా దానికి తగ్గట్టే ఉంది.

"దీంట్లో మెలిక ఏది?"

"మెలికేం లేదు వదినా."

"చీమల్లాంటి అక్షరాలున్నాయి చూడు, అక్కడ వేలు పెట్టి చదువు."

సంతకం గొంతు సవరించుకున్నాడు. "కారులో వదిలేసి వెళ్తే రాదు. ఎలా పోయిందో తెలియకుండా మాయమైతే రాదు. బూజు పడితే రాదు. పాలసీకి ముందే తగిలిన దెబ్బలకి రాదు."

"చేతిలోంచి జారితే?"

"వస్తుంది."

"నీ నెత్తిన వేసి కొడితే?"

"వదినా, ఏజెంటు ముందు అలాంటివి అనకూడదు."

చాలాసేపు ఆలోచించాను. మ్యూజియం వాళ్లు పూర్తి విలువకి బీమా ఉండాలని స్పష్టంగా రాశారు. పైగా నా పెద్ద లెన్స్ ఉంది. తొమ్మిదేళ్ల కిందట, నాలుగేళ్లు కూడబెట్టి కొన్నది. మా ఇంట్లో దానికంటే విలువైన వస్తువు లేదు, మనుషుల్ని కలుపుకుని చెబుతున్నాను. దానికోసమే మూడోది తీసుకున్నాను.

"అయితే ఒక్కో వస్తువుకీ ఫోటో కావాలి. దాని మీదున్న నంబరు, దానికున్న గీతలు, దెబ్బలు అన్నీ కనపడాలి. శనివారం సర్వేయరు వచ్చి సరిచూసుకుంటాడు. సరిపోతే అప్పటికప్పుడే కాగితం" అన్నాడు సంతకం.

"ఫోటోలేగా! నీ ముందు కూర్చున్నది ఎవరనుకున్నావు?" అన్నాను. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

ఇరవై ఆరు వస్తువులు. మామూలు మనిషైతే వాటిని మంచం మీద వరసగా పెట్టి, ఫోనుతో పది నిమిషాల్లో ముగించేవాడు. మాకు శుక్రవారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా పట్టింది. వెనక నల్లగుడ్డ కట్టాం. కుడివైపు ఒక లైటు, ఎడమవైపు తెల్ల అట్ట. ఫ్లాష్ లైటు నీడ నచ్చక మూడుసార్లు తీశాను. అరిగిపోయిన ఒక కేబుల్‌ని మా ఆయన జడలా చుట్టి పెడితే, దాన్ని పక్క నుంచి వెలుగు వేసి తీశాను. అంత అందమైన కేబుల్‌ని నేనెప్పుడూ చూడలేదు.

సాయంత్రం మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నేను కాళ్లు బార్లా చాపుకుని పడుకున్నాను. ఏడింటికి అన్నీ తమ్ముడికి పంపేశానన్నాడు. చూపించమంటే చూపించాడు. నల్లగా నిగనిగలాడుతూ ఇరవై ఆరు వస్తువులు, పెళ్లిచూపులకి కూర్చున్నట్టు కూర్చున్నాయి. "అదిరింది" అన్నాను. ఇద్దరం తృప్తిగా అన్నం తిన్నాం.

ఇద్దరిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. ఇరవై రెండేళ్లు ఒకే పని చేస్తే బుర్ర ఆ గాడిలోనే పోతుంది మరి.

సర్వేయరు శనివారం పదింటికి వచ్చాడు. సన్నటి మనిషి, చేతిలో టార్చి, చంకలో అట్ట ఫైలు. నవ్వడం ఆయన ఉద్యోగంలో భాగం కాదని ముఖమే చెబుతోంది. సంతకం ఆయన వెనకాలే వచ్చి, ఆయనకంటే ముందు కూర్చున్నాడు.

సర్వేయరు మా ఫోటోని చేతిలో పట్టుకుని, నా కెమెరాని చూశాడు. మళ్లీ ఫోటోని చూశాడు. మళ్లీ కెమెరాని.

"ఈ ఫోటోలో ఉన్నది ఈ కెమెరా కాదండీ."

"అదేనండీ."

"దీని మూల సొట్ట ఉంది. ఫోటోలో లేదు. దీన్ని పట్టుకునే చోట అరిగిపోయింది. ఫోటోలో కొత్తగా ఉంది. దీని కింద నంబరు ఉంది. ఫోటోలో ఆ చోటు నున్నగా ఉంది."

నేను ఫోటో లాక్కుని చూశాను. నంబరు లేదు. ఏ వస్తువుకీ లేదు. ఇరవై ఆరింటికీ నంబర్లుండే చోట చంటిపిల్లల బుగ్గల్లా నున్నగా ఉంది. మా ఆయన వైపు తిరిగాను.

"మందుల కంపెనీ వాళ్ల సీసాలకి తీసేస్తాం కదా… బ్యాచ్ నంబర్లు… చెయ్యి అలవాటులో పోయింది" అని నీళ్లు నమిలాడు.

"సొట్టలు కూడానా?"

"బాగోలేదని."

సంతకం తల పట్టుకున్నాడు. "అన్నయ్యా, బీమాకి కావాల్సిందే ఆ బాగోలేనివి!"

"అసలు ఫోటోలు చూపించండి" అన్నాడు సర్వేయరు.

ముగ్గురం గతుక్కుమన్నాం. అసలు ఫోటోల్ని మా ఆయన నిన్న సాయంత్రమే చెరిపేశాడని చెప్పాల్సి వచ్చింది. సర్వేయరు అట్ట మూసేసి, మమ్మల్ని ఎగాదిగా చూశాడు. ఎవరిదో కొత్త కెమెరాని ఫోటో తీసి తమ పాత కెమెరాకి బీమా చేయించుకునే జంటలు ఆయనకి కొత్త కాదని ఆ చూపే చెప్పింది. అన్నయ్య కొన్న చక్రాల కుర్చీ కళ్ల ముందు గిర్రున తిరిగింది.

మా ఆయనే రక్షించాడు. నాతో సర్వేయరు ఫోటో ఒకటి తీయించి, ఆయన కళ్ల ముందే ఆయన బుగ్గ మీది పులిపిరి తీసి చూపించాడు. అయిదు సెకన్లు పట్టింది. సర్వేయరు తెరని చూసి, చేత్తో బుగ్గ తడుముకున్నాడు.

"నమ్మాను. మళ్లీ పెట్టండి దాన్ని" అన్నాడు.

ఆ తర్వాత తన ఫోనుతో తనే ఒక్కో వస్తువునీ తీసుకున్నాడు. ట్యూబ్‌లైటు కింద, టేబుల్ మీద టీ మరకల పక్కన. చూడలేక నేను గోడ వైపు తిరిగాను. నంబరు, దెబ్బలు, అవి ఎప్పుడు తగిలాయో అన్నీ అడిగి రాసుకున్నాడు.

"ఈ సొట్ట?"

"ఒక పెళ్లిలో. పెళ్లికొడుకు తమ్ముడు డాన్సు చేస్తూ మీద పడ్డాడు."

"ఈ గీతలు?"

"మా ఇంటి తాళాలు. ఒకే సంచిలో వేశాను."

"ఈ స్టాండుకి మూడు కాళ్లలో ఒకటి పొట్టిగా ఉందేంటి?"

"అది వర్షంలో బిగుసుకుపోయిందండీ. అప్పటినుంచి దాని కింద పుస్తకం పెడతాం."

"ఏం పుస్తకం?" అని అడిగి, అది కూడా రాసుకున్నాడు.

అలా ఇరవై అయిదు అయ్యాయి. ఇరవై ఆరోది నా పెద్ద లెన్స్.

"దీనికేమీ లేవండీ. దీన్ని నేల మీద కూడా పెట్టనివ్వను" అన్నాను గర్వంగా.

సర్వేయరు పెన్ను కాగితం మీద ఆనించాడు.

"ఉంది" అన్నాడు మా ఆయన.

"ఏముంది?" అన్నాను.

"వెనక అద్దానికి. అంచున. పెచ్చు లేచింది."

"సార్, మా అన్నయ్య సరదాగా అంటున్నాడు" అన్నాడు సంతకం గబగబా.

సర్వేయరు లెన్స్ తిప్పి టార్చి వేశాడు. "సరదా ఇక్కడ కనిపిస్తోందండీ. ఆవగింజంత ఉంది. ఎప్పటిది?"

"కొన్న నాలుగో రోజుది. తుడుస్తుంటే చేతిలోంచి జారింది" అన్నాడు మా ఆయన.

నాకు మాట రాలేదు. మాట రాకపోవడం మా ఇంట్లో అరుదు కాబట్టి సంతకం భయపడి నాకు మంచినీళ్లు తెచ్చాడు. తాగాను. అప్పుడొచ్చింది.

"తొమ్మిదేళ్లు! ఆ దెబ్బ ఫోటోల్లో పడకుండా ఎలా ఉంటుంది?"

"పడుతుంది. పైన ఎడమ పక్క బూడిదరంగు మచ్చ. నీకు చూపించే ముందే తీసేస్తాను."

"ప్రతి ఫోటోలోనా?"

"ప్రతి ఫోటోలో."

"ఏడ్చినట్టుంది! ఆ రోజే చెప్పి చావొచ్చుగా?"

"చెబుదామనే అనుకున్నాను. ఆ వారమంతా నువ్వు ఇల్లంతా పాడుకుంటూ తిరిగావు. పాట అయ్యాక చెబుదామనుకున్నాను." ఆయన లెన్స్ వైపే చూస్తున్నాడు. "తర్వాత అలవాటైపోయింది. రోజుకి నూరు, నూటయాభై. ఇప్పుడు మ్యూజియం వాళ్లు చెయ్యి పెట్టొద్దంటున్నారు. ఎలాగూ తెలిసిపోతుంది."

నేను బాగా పాడను కూడా. అందుకోసం ఒక మనిషి తొమ్మిదేళ్లు లక్షల ఫోటోల్లో మచ్చ తుడుస్తూ కూర్చున్నాడంటే జాలిపడాలో, కెమెరా స్టాండు తీసుకుని తరమాలో తెలియలేదు. ప్రస్తుతానికి స్టాండు వైపే మొగ్గు ఉంది.

"సొట్టలు, గీతలైతే ఫర్వాలేదు కానీ, అద్దం పెచ్చు లేచిందని రాస్తే ఈ లెన్స్‌కి బీమా ఉండదు. కావాలంటే లిస్టులోంచి తీసేసుకోండి, మీ ఇష్టం" అన్నాడు సర్వేయరు. ఇంతలో ఆయనకి ఫోను వచ్చి వరండాలోకి వెళ్లాడు.

సంతకం నా చెవి దగ్గరకి వచ్చాడు. "వదినా, ఇప్పుడు తీసేద్దాం. ఆర్నెల్లాగి దీన్ని వేరే సర్వేయరుతో పాలసీలో కలిపిస్తాను. ఆయన దగ్గర టార్చి ఉండదు. ఆ తర్వాత ఓ రోజు నీ చేతిలోంచి జారుతుంది. కొత్తది వస్తుంది. ఇక్కడో సంతకం…"

సర్వేయరు తిరిగి వచ్చేసరికి నేను లేచి నిలబడ్డాను.

"రాయండి. దెబ్బ తగిలిందని రాయండి, ఎవరు పడేశారో కూడా రాయండి" అన్నాను. నిజాయితీతో అన్నాననుకోకండి. ఒళ్లు మండి అన్నాను. మా ఆయన చేసిన ఘనకార్యం ఎక్కడో ఒకచోట నల్లసిరాతో ఉండాలనిపించింది.

సర్వేయరు రాసుకుని తర్వాతి గడికి వచ్చాడు. "ఈ సామాను ఎవరెవరు వాడతారు? ఇక్కడ రాసినవాళ్ల చేతిలో పోతేనే కంపెనీ బాధ్యత. మ్యూజియం వాళ్లు కూడా ఈ కాగితంలో ఉన్నవాళ్లనే లోపలికి పంపిస్తారు."

"నేనొక్కదాన్నే" అన్నాను. "ఇంకెవ్వరూ దీన్ని ముట్టుకోరు."

మా ఆయన నేలచూపులు చూశాడు. ఒకరే అయితే ఖర్చు తగ్గుతుందని సంతకం సంతోషించాడు.

"సరే. సామాను పనిచేస్తోందని నేను చూడాలి. ఓ ఫోటో తీయండి" అన్నాడు సర్వేయరు.

ఆ మచ్చ నా కళ్లతో నేను చూడాలి కదా. పెద్ద లెన్సే తగిలించాను. టేబుల్ మీద నీళ్లు తాగిన స్టీలు గ్లాసుంది. దాన్ని తీశాను. కార్డు మా ఆయన చేతికివ్వకుండా నేనే కంప్యూటర్లో పెట్టాను. కళ్లజోడు పెట్టుకున్నాను. మామూలుగా పెట్టుకోను, వయసు కనపడుతుందని.

మచ్చ ఉంది. ఆయన చెప్పిన చోటే, పైన ఎడమ పక్క, ఎవరో తడి వేలు పెట్టినట్టు. దాన్ని చూస్తూ ఉండగా ఇంకోటి కనిపించింది.

"టేబుల్ ఏంటి, అలా ఏటవాలుగా ఉంది?"

సంతకం వంగి టేబుల్ కాళ్లు చూశాడు. తన పెన్ను తీసి టేబుల్ మీద అడ్డంగా పెట్టాడు. దొర్లలేదు.

"టేబుల్ బాగానే ఉంది వదినా."

మళ్లీ తీశాను. గ్లాసు ఒక పక్కకి జారిపోయేలా ఉంది. చిన్న లెన్స్ తగిలించి తీశాను. మచ్చ పోయింది, ఏటవాలు పోలేదు.

"ఇది కూడా నువ్వు పడేసినదానివల్లేనా?" అని మా ఆయన మీదకి లేచాను.

"అది లెన్స్ కాదు" అన్నాడు.

"మరి?"

ఆయన సర్వేయరు వైపు చూశాడు, తమ్ముడి వైపు చూశాడు. ఎవరూ సాయం రాలేదు.

"నువ్వు కొంచెం కుడికి వంగుతావు."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచి."

తలెత్తి చూశాను. గోడ మీద మా ఫోటోలున్నాయి, ఇరవై రెండేళ్లవి. బల్లపరుపుగా సముద్రం, నిటారుగా పెళ్లిపందిరి స్తంభాలు, తిన్నగా నిలబడ్డ నూటపద్దెనిమిది మంది స్కూలు పిల్లలు. వాటిని చూపించి నేను ఎంతమందితో గొప్పలు చెప్పుకున్నానో లెక్కలేదు. "చూడగానే తెలుస్తుందండీ, చెయ్యి అలా కుదిరిపోయింది" అనేదాన్ని. ఆ పక్కనే కూర్చుని ఈ మనిషి కిమ్మనకుండా అట్టలు అంటించేవాడు. సముద్రాలన్నీ ఒక పక్కకి ఒలికిపోతుంటే ఒక్కోటీ ఎత్తి నిలబెట్టి నా చేతికిచ్చాడు. నాకు ఏడుపొచ్చింది. సర్వేయరు ముందు ఏడవడం ఇష్టంలేక కళ్లజోడు తుడుచుకున్నాను.

సోమవారం మ్యూజియానికి వెళ్లాల్సిన ఫోటో గుర్తొచ్చింది. ఎవరూ చెయ్యి పెట్టకూడదు. నేను నిలబడి తీస్తే ఏ వస్తువైనా దొర్లిపోయేలా ఉంటుంది. స్టాండు మీద పెడదామంటే దాని కాలొకటి పొట్టి, పుస్తకం పెట్టినా సరిగ్గా తిన్నగా నిలబడదు. మళ్లీ తీశాను, ఈసారి కావాలని ఎడమకి వంగి. రెండో పక్కకి ఒరిగిపోయింది. ఇంకోటి తీశాను. ఆరు తీశాను. ప్రతిదాన్నీ తెర మీద చూసి సంతకం మెడ అటూ ఇటూ వంచుతున్నాడు.

"నా వల్ల కావట్లేదు" అన్నాను. ఆ మాట ఆ గదిలో నా నోటివెంట అంతకుముందెప్పుడూ రాలేదు.

మా ఆయన లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు. కెమెరా ముట్టుకోలేదు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"కొంచెం ఎడమకి. అంత వద్దు. ఇంకొంచెం… ఆగు. ఊపిరి బిగబట్టు. ఊ."

నొక్కాను.

తెర మీద గ్లాసు నిటారుగా నిలబడింది. టేబుల్ టేబుల్‌లాగా ఉంది. ఫోటో మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు. నిబంధనలో భుజం సంగతి రాయలేదు.

"ఇందాకటి గడిలో ఇంకొకరి పేరు రాయండి" అన్నాను సర్వేయరుతో.

"ఖర్చు పెరుగుతుంది వదినా" అన్నాడు సంతకం. "పైగా లెన్స్ పడేసింది అన్నయ్యేనని నువ్వే రాయించావు. ఆయన పేరుంటే వాళ్లు ఇంకా ఎక్కువ అడుగుతారు."

"అడగనీ. నువ్వు నోరు మూసుకో."

సర్వేయరు మా ఆయన పేరు రాసుకున్నాడు. "ఆయన వృత్తి?"

"ఫోటోగ్రాఫర్" అన్నాను.

మా ఆయన ఏదో అనబోయాడు. చెయ్యెత్తి ఆపాను.

"మరి మీది?"

"నేను బటన్ నొక్కుతాను."

సర్వేయరుకి హాస్యం అంటే ఏమిటో తెలియదు. ఉన్నది ఉన్నట్టు రాసుకుని, మా ఇద్దరితోనూ సంతకాలు పెట్టించుకుని వెళ్లిపోయాడు. పెద్ద లెన్స్‌ని అలమారాలో పెట్టేశాను. ఇప్పుడు దానికి బీమా లేదు, దాన్ని చూసి మురిసిపోయే మనిషీ లేదు. అయినా తలుపు గట్టిగా వేయలేకపోయాను, మెల్లగా వేశాను.

కాగితం, గ్లాసు ఫోటో సోమవారం తొమ్మిదింటికే మ్యూజియం చేరాయి. బుధవారం ఫోను వచ్చింది, పని మాదే అని. మా అన్నయ్యకి చెబితే సంతోషించి, "మరి కుర్చీ ఏం చేసుకోను?" అన్నాడు. నువ్వే కూర్చో అన్నాను.

మొదటిరోజు ఇద్దరం సంచులు మోసుకుని మ్యూజియం గేటు దగ్గరకి వెళ్లాం. గార్డు పెద్ద మీసాల మనిషి. పాలసీ కాగితం తీసి, వేలు పెట్టి చదువుకుని, మా ఆయన వైపు తిరిగాడు.

"ఫోటోగ్రాఫర్ సార్ మీరేనా? రండి సార్, రండి." ఆయన చేతిలో సంచి కూడా అందుకున్నాడు. తర్వాత నన్ను చూసి, కాగితం మళ్లీ చదివాడు. "మీరు… బటన్ నొక్కుతారా? ఆ పని సారే చేసుకుంటారు కదమ్మా. మీరు ఆ బెంచీ మీద కూర్చోండి."

చేసుకున్నదానికి అనుభవించాల్సిందే అనుకుని బెంచీ వైపు నడిచాను. ఇరవై రెండేళ్లు ఆయన కూర్చున్నది ఇలాంటి బెంచీ మీదే కదా, ఒక పూట నేను కూర్చుంటే ఏం పోయింది.

మా ఆయన లోపలికి నాలుగడుగులు వేసి ఆగిపోయాడు.

"ఆవిడ రావాలండీ" అన్నాడు గార్డుతో. "ఆవిడ వంకరగా నిలబడకపోతే, అక్కడ నేను చెయ్యడానికి ఏముంటుంది?"

గార్డుకి ముక్క అర్థం కాలేదు. అయినా గేటు తీశాడు.